ఏ తరగతిలో పరుగెత్తాలి?



“ఫాదర్ గారూ, నన్ను ఏ తరగతిలో పేరు ఇవ్వమంటారు?”

2024 జూలైలో ఒక ఆదివారం సాయంత్రం, జర్మనీ దేశంలో ఒక ఇంటి భోజనాల బల్ల దగ్గర, ఒక గృహస్థుడు నన్ను ఈ ప్రశ్న అడిగాడు. అతడు అడిగింది చదువు గురించి కాదు, అడవిలో జరిగే ఒక పోటీ గురించి. నేను పెద్దగా ఆలోచించకుండానే జవాబు చెప్పాను. ఆ జవాబు తప్పని మూడు వారాలకే తెలిసిపోయింది. ఆ తప్పు ఎక్కడ ఉన్నదో ఈ వారం మీతో కలిసి ఆలోచించాలనుకుంటున్నాను. అది నా ఒక్కడి తప్పు కాదని నాకనిపిస్తున్నది.

ఆ వేసవిలో అక్కడి విచారణ గురువు సెలవుపై వెళితే, ఆయన స్థానంలో నెల రోజులు పూజలు చెప్పడానికి నేను వెళ్లాను. ఒకప్పుడు నేను పనిచేసిన విచారణకు చెందిన కుటుంబం ఆ పక్క పట్టణంలోనే ఉన్నది. భర్త ఇంజనీరు, భార్య ఆసుపత్రిలో నర్సు, వారికి 11 ఏళ్ల పాప. ప్రతి ఆదివారం సాయంత్రం వాళ్లింట్లో నాకు పప్పుచారూ చేపల పులుసూ తప్పేవి కావు.

ఆ ముగ్గురికీ ఒక అలవాటు ఉన్నది. సెలవు రోజుల్లో పటం, దిక్సూచి పట్టుకుని అడవికి వెళతారు. దీన్ని ఓరియంటీరింగ్ అంటారు. మన దేశంలో సైన్యంలోనూ కొన్ని పాఠశాలల్లోనూ తప్ప ఈ క్రీడ అంతగా కనిపించదు కాబట్టి రెండు మాటల్లో చెబుతాను. పోటీదారు చేతికి ఒక పటం ఇస్తారు. మామూలుగా దాని మీద ఒక సెంటీమీటరు నేల మీద 100 మీటర్లకు లేదా 150 మీటర్లకు సమానం. ఊదారంగు త్రిభుజం బయలుదేరే చోటు, వృత్తాలు వరుసగా చేరవలసిన చోట్లు, జంట వృత్తం గమ్యం. ప్రతి చోటా నారింజ, తెలుపు రంగుల గుడ్డ ఒకటి వేలాడుతూ ఉంటుంది. ఏ దారిన వెళ్లాలో ఎవరూ చెప్పరు. మనమే పటం చూసి తేల్చుకోవాలి. అందరికంటే తక్కువ సమయంలో అన్ని గుర్తులూ ముట్టి వచ్చినవారు గెలిచినట్లు. నార్వేలో ఇప్పటి ఓస్లో నగరం దగ్గర 1897 అక్టోబరు 31న ప్రజలందరికోసం మొదటి పోటీ జరిగింది. 1961లో అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడింది. స్వీడన్‌లో 1965 నుండి ఓ-రింగెన్ అనే అయిదు రోజుల పోటీ ఉన్నది. దానికి పిల్లలూ, ముసలివారూ, కుటుంబాలకు కుటుంబాలే వేలాదిగా వస్తారు.

ఇంతమంది ఒకే దారిలో పోటీ పడలేరు కాబట్టి తరగతులు పెట్టారు. స్వీడన్‌లోనూ జర్మనీలోనూ పురుషుల తరగతికి హెచ్, స్త్రీల తరగతికి డి అనే అక్షరం వాడతారు. బ్రిటన్‌లో ఎమ్, డబ్ల్యూ అంటారు. అక్షరం పక్కన వయసు వేస్తారు: 10, 12, 14 అలా 20 వరకు, తర్వాత 21, ఆపైన 35, 40, 45 అంటూ అయిదేసి ఏళ్లకు ఒకటి. వయసును పుట్టిన రోజుతో లెక్కించరు, సంవత్సరంతో లెక్కిస్తారు. నా మిత్రునికి ఆ నవంబరులో 40 నిండుతాయి. అయినా జనవరి 1 నుండే అతడు హెచ్ 40కి చెందినట్లు. అయితే అందులోనే పరుగెత్తాలన్న నిర్బంధం లేదు. పెద్దవాడు కోరుకుంటే చిన్నవారి తరగతుల్లో 21 వరకు దిగవచ్చు. స్త్రీలు పురుషుల తరగతిలో పాల్గొనవచ్చు. ఇవిగాక చాలా పోటీల్లో వయసుతో సంబంధం లేని ఓపెన్ తరగతులు కూడా ఉంటాయి. వాటిలో సులువైనవీ ఉంటాయి, మధ్యరకానివీ ఉంటాయి, కష్టమైనవీ ఉంటాయి. కొన్నిచోట్ల అక్కడికక్కడే పేరు ఇచ్చి, నచ్చిన సమయానికి బయలుదేరవచ్చు.

నియమాలు ఇంత స్వేచ్ఛ ఇస్తున్నాయి కాబట్టే “ఏ తరగతి?” అన్న ప్రశ్న మనస్సాక్షి ప్రశ్న అవుతున్నది.

పరదేశం వెళితే ఈ ప్రశ్నకు చిక్కులు పెరుగుతాయి. మొదటిది, పేర్లు ఒకటే అయినా అర్థాలు ఒకటి కావు. స్వీడన్‌లో పచ్చరంగు దారి అంటే అన్నిటికంటే సులువైనది, పిల్లలూ కొత్తవారూ వెళ్లేది. బ్రిటన్‌లో పచ్చరంగు దారి అంటే దూరం తక్కువే గాని పటం చదవడంలో అత్యంత కష్టమైన స్థాయికి చెందినది. రంగు పేరు చూసి ధీమాగా పేరు ఇచ్చినవాడు అడవిలో దిక్కులు చూడవలసి వస్తుంది. రెండవది, దారి పొడవు. కాగితం మీద 5 కిలోమీటర్లు అని వేస్తే అది గుర్తుకూ గుర్తుకూ మధ్య సరళరేఖలో కొలిచిన దూరం. మనం కొండ చుట్టి నడిచే దూరం అంతకంటే ఎక్కువ. మూడవది, పొట్టి తరగతి. ఒకే వయసుకు పొడుగు, పొట్టి అని రెండు దారులు పెట్టినప్పుడు పొట్టిది సులువని కొత్తవారు భ్రమపడతారు. సాధారణంగా తగ్గేది దూరమే, కష్టం కాదు.

ఇక ఆ ఆదివారం సాయంత్రానికి వద్దాం. స్వీడన్‌లో మూడు రోజుల పోటీ ఒకటి ఉన్నది. దరఖాస్తు ఆ రాత్రికే పంపాలి. తమ ప్రాంతపు పోటీల్లో అతడు హెచ్ 40లో మధ్యస్థంగా వస్తున్నాడు. స్వీడన్‌లో కూడా అదే ఇద్దామని అతని ఆలోచన. పాపకు తమ క్లబ్బులో రెండవ స్థానం వచ్చింది కాబట్టి డి 12 ఇవ్వాలని పట్టుదల.

భార్య మెల్లగా అన్నది: “ఏమండీ, అక్కడి అడవి మనం ఎప్పుడూ చూడలేదు కదా. మొదటి రోజుకైనా ఓపెన్‌లో మధ్యరకంది తీసుకోండి. పాపను కూడా ఒకసారి అడిగితే బాగుంటుంది.”

“ఓపెన్‌లో పరుగెత్తానని క్లబ్బులో వాళ్లకు ఎలా చెప్పుకోను?” అన్నాడతడు నవ్వుతూ. తర్వాత నా వైపు తిరిగాడు. అప్పుడే మొదట చెప్పిన ప్రశ్న అడిగాడు.

నేను తలాంతుల ఉపమానం ఎత్తుకున్నాను. భయపడి తలాంతును భూమిలో పాతిపెట్టిన సేవకుడి గతి ఏమయిందో గుర్తు చేశాను. “బాబూ, దేవుడిచ్చిన బలాన్ని దాచుకోకు. నీ వయసు తరగతిలోనే ధైర్యంగా దిగు” అన్నాను. అతని ముఖం వెలిగింది. హెచ్ 40 అని రాసేశాడు. తల్లి మాత్రం పాపను లోపలి గదిలోకి తీసుకుపోయి ఏదో మాట్లాడి వచ్చి, “దీనికి ఇన్‌స్కోల్‌నింగ్ చాలట” అన్నది. అది స్వీడన్‌లో పిల్లలకు నేర్పడానికి పెట్టిన తొలి మెట్టు తరగతి. అందులో పెద్దవారు ఒకరు పిల్ల వెనకాలే వెళ్లవచ్చు. డి 12లో అయితే పిల్ల ఒంటరిగా వెళ్లాలి. తండ్రికి కాస్త చిన్నతనమనిపించింది గాని ఒప్పుకున్నాడు.

నా పని ముగిశాక వాళ్ల బలవంతం మీద నేనూ బయలుదేరాను. కారును ఓడలోకి ఎక్కించి సముద్రం దాటాం. పోటీ జరిగే అడవి చూశాక నాకు లోపల గుబులు మొదలయింది. జర్మనీలో వాళ్లు పరుగెత్తే అడవిలో కలప బండ్ల కోసం వేసిన బాటలు అడుగడుగునా ఉంటాయి. ఇక్కడ బాటలే దాదాపు లేవు. నాచు పట్టిన బండరాళ్లు, కాలు దిగబడే బురద నేలలు, ఒకదాన్ని పోలి ఒకటి ఉన్న చిన్న చిన్న గుట్టలు. పటంలో చూస్తే గోధుమరంగు గీతలే గీతలు.

మొదటి రోజు పాప తల్లితో వెళ్లి నవ్వుతూ వచ్చింది. నేను కూడా ఉత్సాహపడి ఓపెన్‌లో అన్నిటికంటే సులువైన దారిలో బయలుదేరాను. నాలుగు గుర్తులకే ఆయాసం వచ్చింది. నా మోకాలి ఎత్తున్న పిల్లలు ఇద్దరు నన్ను దాటిపోయారు. అయినా అన్ని గుర్తులూ ముట్టి వచ్చాను.

గృహస్థుడు మాత్రం రాలేదు. అతని తరగతిలో గెలిచినవాడు 48 నిమిషాల్లో వచ్చేశాడు. గంటన్నర అయింది. రెండు గంటలయింది. ఆమె ముఖం చూడలేకపోయాను. పాప గమ్యపు తాడు దగ్గర నిలబడి, వచ్చే ప్రతి మనిషినీ చూస్తూ చూస్తూ ఏడుపు మొదలుపెట్టింది. నిర్వాహకులు గడియారం చూసుకుంటున్నారు. ఈ క్రీడలో ఒక గట్టి నియమం ఉన్నది: పోటీ మధ్యలో మానుకున్నా సరే, ప్రతి ఒక్కరూ గమ్యానికి వచ్చి తాము తిరిగి వచ్చామని తెలియజేయాలి. లేకపోతే ఆ మనిషి ఇంకా అడవిలోనే ఉన్నాడని భావించి వెతకడానికి మనుషులను పంపవలసి ఉంటుంది. ఆ వెతికేవారు జీతగాళ్లు కారు. పగలంతా పనిచేసి అలసిన క్లబ్బు సభ్యులు. వారు అప్పటికే వెతకడానికి బూట్లు బిగిస్తున్నారు.

రెండు గంటల నలభై నిమిషాలకు అతడు మోకాళ్ల దాకా బురదతో వచ్చాడు. మూడవ గుర్తు దాటాక తాను పటంలో ఎక్కడున్నాడో తెలియలేదట. పాప పరుగెత్తుకెళ్లి, “నాన్నా, నువ్వు కూడా అమ్మను వెంట తీసుకెళ్లి ఉండాల్సింది” అన్నది. అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సెమినరీలో చదువుకున్న తత్త్వశాస్త్రం ఎప్పుడూ కష్టపెట్టిన తర్వాతే గుర్తుకు వస్తుంది. సుగుణమంటే రెండు అతుల మధ్య ఉన్న మితం అని అరిస్టాటిల్ తన నీతిశాస్త్రం రెండవ భాగంలో చెప్పాడు. ఆ మితం అందరికీ ఒకటి కాదని వివరించడానికి ఆయన ఎంచుకున్నది ఒక మల్లయోధుడి ఉదాహరణే. పది పాళ్ల తిండి ఎక్కువ, రెండు పాళ్లు తక్కువ అయినంత మాత్రాన శిక్షకుడు ప్రతివాడికీ ఆరు పాళ్లు పెట్టడు. మైలో అనే మహామల్లుడికి ఆరు చాలవు, అప్పుడే గోదాలో దిగినవాడికి ఆరు ఎక్కువ. మితాన్ని మనిషిని బట్టి, సందర్భాన్ని బట్టి వివేకం నిర్ణయించాలి. నేను చేసిందేమిటి? మనిషి వయసు చూశాను, ఆరు పాళ్లు వడ్డించాను.

పదమూడవ శతాబ్దపు పునీత తోమాసు అక్వినాసు ఈ విషయాన్ని ఇంకా లోతుగా పరిశీలించారు. గొప్ప పనులకు పూనుకునే మనస్సు ఒక సుగుణం. దానికి రెండు వైపులా రెండు దోషాలున్నాయి. తన శక్తికి మించినదానికి ఎగబడడం ఒకటి. తన శక్తికి తగినదానినుండి కూడా వెనుదీయడం రెండవది. ఈ రెండవ దోషానికే ఆయన తలాంతును పాతిపెట్టిన సేవకుణ్ణి ఉదాహరణగా చూపారు. నేను ఆ సేవకుణ్ణి మాత్రమే గుర్తుంచుకుని మొదటి దోషాన్ని మరచిపోయాను. అంతకంటే సిగ్గుచేటైన సంగతి మరొకటి ఉన్నది. ఆ ఉపమానం మొదట్లోనే యజమాని ఎవరి సామర్థ్యాన్ని బట్టి వారికి తలాంతులు ఇచ్చినట్లు ఉన్నది కదా! ఎన్నోసార్లు ఆ సువార్త మీద ప్రసంగించిన నేను ఉపమానం చివర చెప్పి భయపెట్టాను గాని మొదలు చెప్పలేదు.

అయితే అతడు అబద్ధమాడలేదే, తమ ప్రాంతంలో హెచ్ 40లో నిజంగానే బాగా పరుగెత్తుతున్నాడే అని మీరు అడగవచ్చు. నేనూ అదే అడుక్కున్నాను. మరునాడు అతడే జవాబు చెప్పాడు. “ఫాదర్ గారూ, అక్కడ దారి తప్పితే ఏ దిక్కు నడిచినా రెండు నిమిషాల్లో ఒక బాట తగులుతుంది. బాట చూసి నేనెక్కడున్నానో తెలుసుకునేవాణ్ణి. నాకు పటం చదవడం వచ్చనుకున్నాను. నాకు వచ్చింది బాటలు చదవడమే.”

ఈ మాట నన్ను చాలా దూరం తీసుకువెళ్లింది. మన శక్తి అనుకున్నదాంట్లో ఎంత మన సొంతం, ఎంత మనం ఆనుకున్న ఊతది? ఇంట్లో ఉన్నంతకాలం ఆ తేడా తెలియదు. ఊత ఎప్పుడూ పక్కనే ఉంటుంది కాబట్టి అది కనిపించదు. పరదేశంలో ఊత పోతుంది, మనం మిగులుతాం. మన ఊళ్లో మొదటి ర్యాంకు తెచ్చుకుని దూరదేశం చదువుకు వెళ్లిన పిల్లలు మొదటి ఏడాది ఎందుకు కుంగిపోతారో ఆ రోజు నాకు కొంత అర్థమయింది. వారు అసమర్థులు కారు. తల్లి వంట, స్నేహితుల మాట, తెలిసిన మాస్టారు, సొంత భాష, ఇవన్నీ తమ మార్కుల్లో కలిసి ఉన్నాయని వారికి ఎవరూ చెప్పలేదు. తన లోటు తాను ఎరిగి ఉండడమే వినయానికి కొలత అని అక్వినాసుగారు చెప్పింది ఇందుకే. వినయమంటే తనను తాను తక్కువ చేసుకోవడం కాదు, నిజమైన లెక్క వేసుకోవడం.

అలాగని ఎప్పుడూ సులువైన తరగతే పుణ్యమని అనుకోవద్దు. కష్టమైన దారి తేలికగా చేయగలిగినవాడు కొత్తవారి తరగతిలో దూరి ముందుగా రావడం కూడా అబద్ధమే. అక్కడ మొదటిసారి అన్ని గుర్తులూ ముట్టి వచ్చిన పిల్లవాడి సంతోషాన్ని అతడు అపహరిస్తున్నాడు. తాను కూడా ఏమీ నేర్చుకోడు. ఓటమి భయంతో ఏటా అదే సులువైన దారిలో తిరిగేవాడు నిజంగా తలాంతు పాతిపెట్టినవాడే. కాబట్టి తక్కువ తరగతి ఎంచుకోవడంలో కూడా రెండు రకాలున్నాయి: నేర్చుకోవడానికి దిగడం, దాక్కోవడానికి దిగడం. బయటికి రెండూ ఒకేలా కనబడతాయి. తేడా లోపల ఉన్నది. దాన్ని ఎవరికి వారే పరీక్షించుకోవాలి.

మీ పిల్లలో మనుమలో పరదేశంలో ఇటువంటి పోటీలకు వెళ్లేవారుంటే, పేరు ఇచ్చేముందు ఈ ప్రశ్నలు వేసుకోమని చెప్పండి. ఆ దేశంలో ఈ తరగతి పేరుకు అర్థమేమిటని అక్కడివారిని అడిగానా? దూరం చూశాను సరే, కష్టం ఎంతో చూశానా? నా ఇంటి దగ్గర నేను దేన్ని ఆనుకుని పరుగెత్తుతున్నాను, అది అక్కడ ఉంటుందా? నేను ఆలస్యమైతే ఎవరు కాచుకుని ఉండాలి? చివరగా, ఈ తరగతిలో నేను పరుగెత్తినట్లు ఎవరికీ తెలియకపోతే కూడా దీన్నే ఎంచుకుంటానా? ఈ చివరి ప్రశ్నే అన్నిటికంటే కష్టమైనది. “క్లబ్బులో వాళ్లకు ఎలా చెప్పుకోను” అన్న మాట విన్నప్పుడే నేను ఆగి ఉండవలసింది. అక్కడ తరగతిని ఎంచుకుంటున్నది అతడు కాదు, అక్కడ లేని మనుషులు.

పిల్లల విషయంలో మరొక మాట. ఆ బల్ల దగ్గర ముగ్గురు పెద్దలం ఉన్నాం. పాపను అడిగింది తల్లి ఒక్కతే. ఆ పాప తన కొలత మాకంటే బాగా ఎరుగును. పిల్లల శక్తి తెలుసుకోవాలంటే వాళ్ల మార్కులు చూసినంత శ్రద్ధగా వాళ్ల ముఖం కూడా చూడాలి.

తర్వాత ఏమయిందో చెప్పి ముగిస్తాను. రెండవ రోజు అతడు హెచ్ 40 వదిలి, ఓపెన్‌లో మధ్యరకం దారికి పేరు ఇచ్చాడు. ప్రతి గుర్తు దగ్గరా ఆగి గోధుమరంగు గీతలు చదవడం నేర్చుకుంటూ గంటా పది నిమిషాల్లో వచ్చాడు. మూడవ రోజు అంతకంటే ఒక మెట్టు కష్టమైనది తీసుకున్నాడు. ఒక గుర్తు దగ్గర తికమకపడినా తానే తేరుకుని వచ్చాడు. పాప ఆ రోజు తల్లితో, “నేను ఒక్కదాన్నే వెళతానమ్మా, నువ్వు గమ్యం దగ్గర ఉండు” అన్నది. ఓపెన్‌లో పిల్లలకు తగిన దారి ఒకటి తానే చూపించి పేరు ఇప్పించుకున్నది. ఎవరూ తొయ్యలేదు, ఎవరూ ఆపలేదు.

ఆ మధ్యాహ్నం తండ్రి గమ్యపు తాడు దగ్గర నిలబడి, వచ్చే ప్రతి పిల్లనూ చూస్తూ ఉన్నాడు. చేతిలో నీళ్ల సీసా ఉన్నది. కాచుకుని ఉండడమంటే ఏమిటో ఆ రోజు అతనికి తెలిసింది. నేను పక్కనే నిలబడ్డాను. ఈసారి మాత్రం నన్నెవరూ సలహా అడగలేదు, నేనూ ఇవ్వలేదు.